సున్నపురాయి మేడెక్కిన కథ

పోయిన నెలలో మిత్రుడొకడు కోకాపేటలో కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి పిలిచాడు. ముప్పై రెండో అంతస్తు. నరసరావుపేటలో ఇంటర్ కలిసి చదువుకున్నవాళ్ళం, పైగా వాళ్ళ నాన్న, మా నాన్న బాగా ఎరిగున్నవాళ్ళు. ఆ వారం నాన్న మాచర్ల నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి వెంటబెట్టుకుని వెళ్ళాను.

భోజనాలయ్యాక నాన్న బాల్కనీలో నిలబడి చాలాసేపు కిందికి చూశాడు. తర్వాత మావాణ్ణి పిలిచి మూడు ప్రశ్నలు అడిగాడు. "ఏరా, దీన్ని దేంతో కట్టారు? ఇంత సన్నగా ఉంది, గాలికి పడదా? ఇంత ఎత్తుకి నీళ్ళెట్లా ఎక్కిస్తున్నారు?"

మావాడు పాపం మొదటి ప్రశ్నకి ఇటాలియన్ మార్బుల్ గురించి చెప్పాడు. నాన్న అడిగింది అది కాదు. మిగతా రెండింటికీ "అవన్నీ బిల్డరు చూసుకుంటాడు బాబాయ్" అన్నాడు. కోట్లు పెట్టి కొనుక్కున్నవాడికే తెలియదంటే నాకు తెలియకపోవడంలో తప్పేముందిలే అనుకున్నా గానీ, ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. నేను రాసేది సాఫ్ట్‌వేరు. సివిల్ ఇంజనీర్లెవరైనా చదువుతుంటే తప్పులు క్షమించి సరిదిద్దాలి. నాలుగు వారాలు వెతికి చదివింది ఇక్కడ పెడుతున్నా. తీరా చూస్తే ఆ మూడు ప్రశ్నల జవాబులూ తిరిగి తిరిగి మా పల్నాడుకే వచ్చి చేరాయి.

మొదటిది, దేంతో కట్టారు?

ఒక్కమాటలో చెప్పాలంటే సున్నపురాయితో. సున్నపురాయినీ, కాస్త మట్టినీ కలిపి పొడి చేసి 1450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది. దానికి కాస్త జిప్సం చేర్చి నూరితే సిమెంటు. టన్ను క్లింకర్ రావాలంటే సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. మిగిలిన బరువులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లో కలుస్తుంది. ఆ రాయి మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళలో నేల కింద పరుపులు పరుపులుగా ఉంది. కృష్ణ దాటి అవతలికి వెళ్తే మేళ్ళచెరువు వైపు కూడా అదే రాయి. మధ్యలో నది వచ్చిందని రాయి ఆగిపోదు కదా. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే మొదలైంది. అవతలి ఒడ్డున మేళ్ళచెరువులో మహా సిమెంటు తయారు చేసే మై హోం వాళ్ళే హైదరాబాదు రాయదుర్గంలో భూజా లాంటి ఆకాశహర్మ్యాలు కట్టారు. అంటే రాయి దగ్గర్నుంచి మేడ దాకా ఒకే వరస అన్నమాట.

ఇక్కడ ఒక చిన్న పాత కథ చెప్పాలి. అమరావతి స్తూపాన్ని మన పూర్వీకులు ఈ పలనాటి సున్నపురాయితోనే చెక్కారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల శిల్పాలదీ ఇదే రాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటున్నప్పుడు, రాళ్ళ కోసం అక్కడి దిబ్బని తవ్వితే స్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసింది దాన్నే. మరి ఆ శిల్పాలు ఏమయ్యాయి? కొన్ని కొత్త కట్టడాల్లోకి వెళ్ళాయి. కొన్నిటిని ఏకంగా బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. కాలిపోగా మిగిలినవాటిలో కొన్ని ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

బుద్ధుడి జాతక కథలు చెక్కిన రాయిని ఇంటి గోడకి సున్నం చేసుకున్నారంటే ఒళ్ళు మండుతుంది నిజమే. కానీ ఆనాటి మేస్త్రీ వైపు నుంచి ఆలోచించండి. అతనికి కావలసింది దగ్గర్లో, చవగ్గా, బాగా కాలే రాయి. అది కళ్ళ ముందే ఉంది. కట్టేవాడి కంటికి రాయి రాయిలానే కనిపిస్తుంది. ఏ కాలంలో ఏది చవకో, ఏది కరువో, దాన్నిబట్టే కట్టడం రూపం తయారవుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

రెండో ప్రశ్నకి వెళ్ళే ముందు నాన్న అడగనిది ఒకటుంది. అసలు అంత ఎత్తు ఎందుకు కట్టాలి?

లిఫ్టు రాకముందు పట్నాల్లో పై అంతస్తులు పేదవాళ్ళవి. మెట్లెక్కలేక డబ్బున్నవాళ్ళు కిందే ఉండేవారు. 1850ల్లో అమెరికాలో ఎలిషా ఓటిస్ తాడు తెగినా కింద పడకుండా ఆగే లిఫ్టు చేసి, జనం ముందు తనే దాని మీద నిలబడి తాడు తెగ్గొట్టించి చూపించాడు. దాంతో లోకం తలకిందులైంది. కిందున్న అద్దె పైకెక్కింది. ఇవాళ పై అంతస్తుకి వెళ్ళేకొద్దీ చదరపు అడుగుకి ఇంత అని అదనంగా కట్టే 'ఫ్లోర్ రైజ్' ఛార్జీ మూలం అక్కడుంది.

మన దగ్గర లెక్క ఇంకోటుంది. 2006 మార్చిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 86 ఇచ్చింది. అప్పటిదాకా ఇన్ని గజాల స్థలంలో ఇంత నిర్మాణమే చేయాలి అన్న పరిమితి ఉండేది. హైదరాబాదులో దాన్ని ఎత్తేశారు. ముందు రోడ్డు వెడల్పుండి, చుట్టూ చాలినంత ఖాళీ వదిలి, అగ్నిమాపక, విమానాశ్రయ అనుమతులు తెచ్చుకుంటే ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. బొంబాయి, బెంగుళూరు వాళ్ళు పరిమితులతో కుస్తీ పడుతుంటే మనవాళ్ళు పైకి చూశారు. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చింది, తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు పక్కనే కోకాపేట.

2023 ఆగస్టులో అక్కడ నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఆ తర్వాత ఆ అంకె కూడా చిన్నబోయింది, అది వేరే సంగతి. దీన్ని కాగితం మీద పెట్టి చూద్దాం. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. అంటే నేల ఒక్కటే చదరపు అడుగు సుమారు 23,000 రూపాయలు. ఆ స్థలం మీద దానికి మూడు రెట్ల నిర్మాణం చేస్తే ఒక్కో చదరపు అడుగు ఫ్లాటు మీద పడే నేల ఖరీదు 7,700. పది రెట్లు కడితే 2,300. ఇంక ఎవరైనా ఐదంతస్తులు కడతారా? అక్కడ యాభై అంతస్తులు గీసింది ఆర్కిటెక్టు అనుకుంటాం గానీ, ముందే గీసి పెట్టింది వేలంపాట.

అలా వచ్చినవాటిలో కోకాపేటలోని ఎస్ఏఎస్ క్రౌన్ ఒకటి. ఐదు టవర్లు, 57 అంతస్తులు, ఎత్తు సుమారు 235 మీటర్లు. ఫ్లాట్లు 6,565 నుంచి 8,811 చదరపు అడుగుల దాకా. మా ఊళ్ళో ఎనిమిది వేల చదరపు అడుగులంటే దొడ్డీ, గడ్డివామీ, రెండిళ్ళూ పట్టి ఇంకా మిగులుతుంది.

సరే, గాలికి పడదా?

నేనైతే పెద్ద మేడ కట్టడమంటే బరువు మొయ్యడమే అనుకునేవాణ్ణి. ఇరవై అంతస్తుల దాకా చాలావరకు అది నిజమేనట. ఆ పైన అసలు శత్రువు గాలి. నేలలో పాతిన గెడకర్రని పక్కనుంచి తోసినట్టు అనుకోండి. గాలి తోపు అదే ఉండి, కర్ర మందమూ మారకుండా పొడవు రెట్టింపైతే, కొస ఊగడం రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. అంటే ఎత్తు పెంచుతూ స్తంభాలు కాస్త లావు చేసుకుంటూ పోతే పని జరగదు. ఆలోచనే మార్చాలి.

మార్చినాయన మన ఉపఖండం వాడే. ఢాకాలో 1929లో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. షికాగోలో పనిచేస్తూ, బరువంతా లోపలి స్తంభాలకిచ్చే బదులు మేడ బయటి చుట్టునే దగ్గర దగ్గర స్తంభాలతో గొట్టంలా కట్టమన్నాడు. వెదురు బొంగు చూడండి. లోపల బోలు, బలమంతా పైచుట్టులో. ఆ ఊహతో 1960ల్లో మొదట లేచిన కట్టడం ఆఫీసు కాదు, 43 అంతస్తుల కాంక్రీటు నివాస భవనం, డెవిట్ చెస్ట్‌నట్ అపార్టుమెంట్లు. ఇవాళ 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా (2010) దాకా వచ్చిన ఆలోచనల వెనక ఆయన నీడ ఉంది.

మన హైదరాబాదు మేడల్లో సాధారణంగా చేసేది ఇంకో పద్ధతి. లిఫ్టులు, మెట్లు ఉండే నడిమి భాగాన్ని మందపాటి కాంక్రీటు గోడలతో పెట్టెలా కడతారు, ఫ్లాట్ల మధ్య గోడల్నీ ఇటుకతో కాకుండా కాంక్రీటుతోనే పోస్తారు. గోడలన్నీ కలిసి గాలిని కాచుకుంటాయి. మన భారతీయ ప్రమాణాల్లో హైదరాబాదుకి లెక్కలో తీసుకునే మూల గాలివేగం సెకనుకి 44 మీటర్లు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ దాన్ని ఇంకా పెంచి లెక్కేస్తారు. 2001లో భుజ్ భూకంపానికి ఎక్కడో దూరాన ఉన్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలాక దేశంలో భూకంప ప్రమాణాల మీద శ్రద్ధ పెరిగింది. ఎత్తయిన కాంక్రీటు భవనాల కోసమే విడిగా ప్రమాణం వచ్చింది మాత్రం 2017లో.

పడకపోవడం ఒకటి, లోపలున్నవాడికి ఊగినట్టు అనిపించకపోవడం ఇంకొకటి. లగ్జరీ అంటే ఈ రెండోది కూడా. న్యూయార్కులో 2015లో పూర్తయిన 432 పార్క్ ఎవెన్యూ 426 మీటర్ల ఎత్తు, వెడల్పుకి పదిహేను రెట్లు. గాలి దూరిపోవడానికి మధ్యమధ్యలో అంతస్తుల్నే ఖాళీగా వదిలారు. ఊపు తగ్గించడానికి పైన భారీ బరువులు వేలాడదీశారు. అయినా 2021లో అందులో ఉండేవాళ్ళే చప్పుళ్ళనీ, లీకులనీ, లిఫ్టులు ఆగిపోతున్నాయనీ కోర్టుకెళ్ళారు. కోట్ల డాలర్ల ఇల్లు కదండీ, కిర్రుమంటే ఊరుకుంటారా :)

ఇక కట్టడం. ఇక్కడే నాన్న చెప్పిన ముచ్చట ఒకటి పనికొచ్చింది. చిన్నప్పుడు లారీ ఎక్కి నాగార్జునసాగర్ డ్యాం కడుతుంటే చూడటానికి వెళ్ళాడట. "చీమల బారు లెక్క జనం రా" అంటాడు ఇప్పటికీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. ఎత్తు సుమారు 124 మీటర్లు. అంత ఎత్తుని కాంక్రీటు పోసి కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఎందుకు? అప్పుడు సిమెంటు కరువు, విదేశీ యంత్రాలు కొనడానికి డాలర్లు కరువు. చవగ్గా దొరికేది మనిషి. పాలమూరు నుంచీ, చుట్టుపక్కల జిల్లాల నుంచీ వచ్చిన కూలీలు తట్టల్లో, భుజాల మీద ఎత్తారు. సాగర్ రాతి ఆనకట్ట కావడం ఆనాటి కరువుల జాబితా రాసిన డిజైను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు సిమెంటు కంట్రోల్లోనే ఉంది. ఇల్లు కట్టుకోవాలంటే పర్మిట్ కావాలి. మహారాష్ట్రలో ఒక ముఖ్యమంత్రి పదవి సిమెంటు కేటాయింపుల గొడవలోనే పోయింది, 1982 జనవరిలో. ఆ ఏడాదే ప్రభుత్వం కంట్రోలు సగం సడలించి, 1989కల్లా పూర్తిగా ఎత్తేసింది. కృష్ణకి రెండు పక్కలా సిమెంటు ఫ్యాక్టరీల చిమ్నీలు వరసగా లేచాయి.

ఇప్పుడు జాబితా తిరగబడింది. సిమెంటు దండిగా ఉంది. కరువైనవి నేల, సమయం, పనిచేసే మనిషి. అందుకని 'మైవాన్' అని పిలిచే అల్యూమినియం అచ్చులు. ఒక అంతస్తు గోడలూ శ్లాబూ కలిపి ఒకేసారి పోసేస్తారు. విప్పి, పై అంతస్తులో మళ్ళీ అవే బిగిస్తారు. అంతా కుదిరితే వారం పది రోజులకొక అంతస్తు. ఇటుక లేదు, సెంట్రింగు చెక్క లేదు, ప్లాస్టరింగూ పెద్దగా ఉండదు. ఒరిస్సా, బీహారు, బెంగాలు కుర్రాళ్ళు బిగిస్తారు, పంపు కాంక్రీటుని పైకి నెడుతుంది. మా సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే ఒకసారి రాసిన ఫంక్షన్‌ని 57 సార్లు పిలిచినట్టు. దీంట్లో చిక్కు కూడా అదే. తర్వాత ఎప్పుడో ఒక గోడ తీసి రెండు గదులు కలుపుకుందామంటే కుదరదు. ఆ గోడ మొత్తం మేడని నిలబెట్టే గోడ.

నాన్నకి ఇదంతా చెప్తే ఒక్కటే అడిగాడు. "పాతబడితే పడగొట్టేదెట్లా?" మన దేశంలో దానికున్న పెద్ద ఉదాహరణ నోయిడా. అక్రమ నిర్మాణమని సుప్రీంకోర్టు తేల్చాక, సుమారు వంద మీటర్ల జంట టవర్లని 2022 ఆగస్టు 28న 3,700 కిలోల పేలుడు పదార్థంతో క్షణాల్లో కూల్చారు. వాటిలో జనం కాపురం పెట్టలేదు, ఖాళీవి. వందల కుటుంబాలున్న 57 అంతస్తుల్ని అరవై ఏళ్ళ తర్వాత ఏం చెయ్యాలో, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో అమ్మేటప్పుడు ఇచ్చే బ్రోషర్లో మాత్రం ఉండదు. సాగర్‌కి మరమ్మతు వస్తే ప్రభుత్వాలున్నాయి. మేడకి ఓనర్ల సంఘం, దాని నెలవారీ మెయింటెనెన్సు, అంతే.

మూడోది, నీళ్ళు.

పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం కింద సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. 124 మీటర్ల సాగర్ నిండితే అడుగున రాతిగోడ మీద పడేది దరిదాపు పన్నెండు బార్లు. అదే 235 మీటర్ల మేడ మీద ట్యాంకు పెట్టి తిన్నగా గొట్టం దించితే కింది అంతస్తు కుళాయి మీద పడేది ఇరవై మూడు బార్లకి పైనే. అంటే డ్యాం అడుగున ఉండే ఒత్తిడికి దాదాపు రెట్టింపు, మన బాత్రూం కుళాయి మీద! కుళాయికి చాలింది రెండు మూడు బార్లు. అందుకని మేడని నిలువునా నాలుగైదు మండలాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడతారు. కింద పెద్ద సంపులు, అక్కణ్ణుంచి పైకి నెట్టే పంపులు, కరెంటు పోతే జనరేటర్లు. ముప్పై రెండో అంతస్తులో మావాడు తిప్పిన కుళాయి వెనక ఇంత భాగోతం ఉంది.

ఆ నీళ్ళు హైదరాబాదుకి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కొన్ని గోదావరివి, కొన్ని మంజీరవి, పెద్ద వాటా కృష్ణవి. 2004 నుంచి సాగర్ జలాశయంలోని కృష్ణా నీళ్ళని కొండలెక్కించి, గుట్టలు దాటించి వంద కిలోమీటర్లకి పైగా నడిపించి తెస్తున్నారు. రాయీ ఆ ఒడ్డుదే, నీళ్ళూ ఆ ఒడ్డువే.

ఇది చెప్పినప్పుడు నాన్న కాసేపు మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు. మాచర్ల నియోజకవర్గంలో వెల్దుర్తి, దుర్గి, అవతల బొల్లాపల్లి మెట్టప్రాంతాలు. సాగర్ కుడికాలవ కంటే ఎత్తులో ఉన్న పల్లెలు. జలాశయం పక్కనే ఉంది, నీళ్ళు మాత్రం కిందికి పారి గుంటూరు, ప్రకాశం వెళ్ళిపోతాయి. ఈ ఊళ్ళకి సాగర్ నుంచే నీళ్ళు ఎత్తిపోయాలని వరికపూడిశెల పథకం గురించి దశాబ్దాల తరబడి అడిగారు. పైపులు పులుల అడవిలోంచి వెళ్ళాలి, దానికి అనుమతులు కావాలి. అవన్నీ అయ్యి, మాచర్లలో మొదటి దశకి శంకుస్థాపన జరిగింది 2023 నవంబరు 15న. కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది అదే ఏడు ఆగస్టులో. సాగర్ కాలవలకి మొదటిసారి నీళ్ళొదిలి అప్పటికి 56 ఏళ్ళు.

నేను కోకాపేట మీద ఏడవడానికి ఇది రాయట్లేదు. ఆ టవర్ల మధ్యే నా ఆఫీసు, నా జీతం. ఊరంతా అడ్డంగా పాకి చెరువులు మింగడం కంటే నిలువుగా కట్టుకోవడం మేలని కూడా నమ్ముతాను. వాటిని కట్టిన ఇంజనీర్ల మీద, బిగించిన కుర్రాళ్ళ మీద గౌరవం ఈ నాలుగు వారాల్లో పెరిగింది కూడా. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నీళ్ళని 235 మీటర్లు నిలువునా ఎక్కించడం మనకొచ్చు. కొన్నేళ్ళలో చేసి చూపించాం. మెట్టపల్లెలకి ఎక్కించడం రాక కాదు ఇన్నేళ్ళు పట్టింది. అక్కడ ఎకరం ఖరీదు ఆ పంపు ఖర్చుకి చాలదు, అంతే. స్తూపం రాయిని సున్నం చేసిన లెక్కా, సాగర్‌ని రాతితో కట్టించిన లెక్కా, కోకాపేటని ఆకాశానికెత్తిన లెక్కా ఒకటే. ఇంజనీరు ఆ లెక్క వెనకాలే నడుస్తాడు. ఏది చవక, ఏది విలువైనది అని తేల్చేది మాత్రం ఇంజనీరు కాదు, మనందరం.

ఆ రోజు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు లిఫ్టులో నాన్నా నేనూ ఇద్దరమే ఉన్నాం. ముప్పై రెండు అంతస్తులు అర నిమిషంలో దిగిపోయింది. తలుపులు తెరుచుకుంటుంటే నాన్న నవ్వి అన్నాడు:

"మా చిన్నప్పటి నుంచీ లిఫ్టొస్తది, లిఫ్టొస్తది అంటంటే ఇన్నాళ్ళకి ఎక్కాను రా."

మా వైపు లిఫ్టంటే ఎత్తిపోతల పథకం.